ఊపిరితిత్తులకు జిప్సం

మా అన్నకు ఏ విషయమూ సగం చెప్పి ఊరుకోకూడదు. పూర్తిగా చెప్పినా లాభం లేదనుకోండి, అది వేరే సంగతి. సగం చెబితే మిగతా సగం తనే పూరించుకుంటాడు. పూర్తిగా చెబితే తనకు పనికొచ్చే ముక్కొకటి ఏరుకుని, మిగతాదంతా తాలు అన్నట్టు వదిలేస్తాడు. ఆ ఏరుకున్న ముక్క పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. నా పరిశోధనకు ఆ గతే పట్టింది.

రెండువేల నాలుగు, అయిదు ప్రాంతపు మాట ఇది. అప్పుడు నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాన్‌గల్ దగ్గర మా ఊళ్లో పీహెచ్‌డీ అంటే ఏమిటో చెప్పడం నా వల్ల కాలేదు. ఉద్యోగమా అంటే కాదు. చదువా అంటే ఔను, కానీ పరీక్షలు ఎప్పుడో చివర్న. మూడో ఏడాది కూడా అదే చదువు చదువుతున్నానని తెలిసి, ఫెయిలయ్యానని తీర్మానించుకుని, పాపమని జాలిపడేవాళ్లు. ఆ జాలిని కూడా నవ్వుతూ భరించాను. మా అన్నను భరించడమే కష్టమైంది.

అన్న నాకంటే బాగా పెద్ద. నాన్న నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంటికి పెద్దా, నా చదువుకు దిక్కూ తనే. మాకు సొంతానికున్నది రెండెకరాల రాళ్ల చెలక. బతుకు గడిచేది మాత్రం కౌలు భూమి మీద. ఎనిమిదెకరాలు, బోరుతో సహా, వనపర్తిలో ఉండే ఒక రిటైరైన పెద్దమనిషిది. ఇంట్లో ఆయన్ని భూమి సారు అనేవాళ్లం. కాగితం లేదు, సంతకం లేదు. ఏటా ఉగాది ముందు ఆయన వచ్చి, అన్నతో కలిసి చేను చుట్టూ గట్ల మీద నడిచి, చివరికి బోరు దగ్గర నిలబడి "ఈయేడు గూడ నువ్వే చేస్కో" అనాలి. ఆ మాట అంటేనే ఆ ఏడాది మాకు భూమి ఉన్నట్టు. అనకపోతే లేనట్టు.

యాసంగిలో మా వైపు వేరుశనగ వేస్తారు. వానలు వెనకబట్టాక విత్తి, చలి తగ్గే వేళకు పీకుతారు. పీకేటప్పుడూ, కాయ కొట్టేటప్పుడూ లేచే దుమ్ము అంతా ఇంతా కాదు. ఆ దుమ్ములోనే అన్నకు దమ్ము మొదలైంది. మొదట్లో పీకుడు కాలంలోనే వచ్చేది. తర్వాత చలికాలమంతా ఉండసాగింది. పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం తంటాలు పడుతుంటే ఆ ఈల చప్పుడు వంటింట్లోకి వినిపించేది. వనపర్తి డాక్టరు చూసి ఉబ్బసమని చెప్పి ముందు గోలీలిచ్చాడు. అవి వేసుకుంటే చేతులు వణుకుతున్నాయని, గుండె దడదడలాడుతోందని అన్న మానేశాడు. అప్పుడు డాక్టరు నోట్లో పెట్టుకుని పీల్చే మందు, ఇన్‌హేలర్, రాసిచ్చాడు. అన్న దాన్ని తెచ్చి, కవరు కూడా విప్పకుండా గోడగూట్లో పెట్టాడు. ఎప్పుడడిగినా "గంత దూరం రాలేదు నాకు" అనేవాడు. ఎంత దూరం వస్తే విప్పుతాడో మాత్రం చెప్పేవాడు కాదు.

ఊపిరితిత్తుల మీద పరిశోధన చేసే చెల్లెలున్న ఇంట్లో ఇదీ పరిస్థితి. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడాది దసరాకు ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక అన్న అరుగు మీద కూర్చుని, అసలు నువ్వక్కడ చేసే పని ఏమిటో నాకర్థమయ్యేటట్టు చెప్పమన్నాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మనిషి తనొక్కడే. ఎంత సంతోషపడ్డానో. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే నవ్వొస్తుంది.

చెప్పాను. ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి, వాటి లోపలి గోడకు పరిచినట్టు కణాలుంటాయి, అవి కంటికి ఆనవు. ఆ కణాలను మేము గాజు గిన్నెల్లో పెంచుతాం. వాటి మీద ఉప్పు తక్కువున్న నీళ్లు పోస్తే నీళ్లు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి పగలాలి కదా, పగలదు. కాసేపట్లో తిరిగి మామూలు సైజుకు వచ్చేస్తుంది. తగ్గమని దానికి ఎవరు చెబుతారు? కాల్షియం. ఉబ్బగానే కణం లోపల కాల్షియం కొద్దిగా పెరుగుతుంది. దాంతో గోడలోని తలుపులు తెరుచుకుని లోపలి పొటాషియం, క్లోరైడు బయటికి పోతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. ఇంకొకటి కూడా ఉంది. పని చేసే కణంలో ఆమ్లం పేరుకుంటుంది, లోపలంతా పులుపెక్కుతుంది. సోడియాన్ని లోపలికి తీసుకుని ఆ ఆమ్లాన్ని బయటికి నెట్టే ఏర్పాటు కణం గోడలోనే ఉంది. దాన్ని తట్టి లేపేవాటిలోనూ కాల్షియం ఉంది. ఇందులో ఏది ముందు జరుగుతుంది, ఏది వెనక జరుగుతుంది, కాల్షియం లేకుండా చేస్తే ఏమవుతుంది, ఇదే నా పని.

అన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంత బుద్ధిగా వింటున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. అంతా విని తల పంకించి, "జిప్సం లెక్కన్నట్టు," అన్నాడు.

వేరుశనగ సాగు తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పూత తర్వాత వేరుశనగ ఊడలు భూమిలోకి దిగి అక్కడ కాయ కడతాయి. సరిగ్గా ఆ సమయానికి మొదళ్ల దగ్గర జిప్సం చల్లి మట్టి ఎగదోస్తారు. జిప్సంలో ఉండేది కాల్షియమే. వేళ్లు తీసుకున్న కాల్షియం ఆకులకు పోతుంది గానీ కాయకు సరిగ్గా అందదు. కాయే తన చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కోవాలి. అది దొరక్కపోతే పైకి నిండు కాయలాగే కనిపిస్తుంది, ఒలిస్తే లోపల గింజ ఉండదు. అటు గద్వాల నుంచి ఇటు నాగర్‌కర్నూలు దాకా వేరుశనగ వేసే రైతుల్లో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ. అందుకని మా అన్న లెక్క ఇట్లా నడిచింది. కాల్షియం అందని కాయ డొల్లపోతుంది. తన ఛాతీ డొల్లపోయింది. కాబట్టి కాల్షియం వేస్తే నిండుతుంది.

కాదని మొత్తుకున్నాను. కాయలో గింజ ఊరడం వేరు, కణం తన సైజు కాపాడుకోవడం వేరన్నాను. ఊపిరితిత్తి నిండవలసింది గాలితో, గింజలతో కాదన్నాను. ప్రాణమున్నదేదైనా ఒక్క తీరుగానే ఉంటుందని అన్న తీర్పిచ్చాడు. తిమ్మాజిపేట నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి అన్న తీర్పులు వింటున్న మా వదిన, ఇంక ఊరుకొమ్మన్నట్టు నాకు కళ్లతోనే సైగ చేసింది. ఊరుకున్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

దీపావళి వెళ్లాక మళ్లీ ఇంటికి వచ్చాను. చేలో ఊడలు దిగే సమయం. బోరు షెడ్డులో జిప్సం బస్తాలు, ఇంట్లో గోడగూట్లో కాల్షియం గోలీల డబ్బా. ఇన్‌హేలర్ కవరు ఆ డబ్బా వెనక్కి జరిగింది. పాన్‌గల్ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నాడట. చేనుకు జిప్సం వేసిన నాడే తనూ మొదలుపెట్టాడని వదిన చెప్పింది. ముహూర్తం కూడా కుదిరిందన్నమాట.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బస్సు దిగి ఇంటికి వస్తుంటే వెనకింటి పెద్దమ్మ ఆపి, ఊపిరికి వేసే జిప్సం గోలీలు నువ్వే కనిపెట్టినవంట గదా, నా మోకాళ్లకు గూడ పనిచేస్తాయా అని అడిగింది. మోకాళ్లకు కాల్షియం వాడతారు, అది డాక్టరును అడుగు అన్నాను. "అయితే నిజమేనన్నట్టు" అని సంతోషంగా వెళ్లిపోయింది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకాయనకు దగ్గు, ఒకావిడకు ఆయాసం. ఇద్దరినీ దవాఖానకు పొమ్మని పంపేసరికి నా గొంతు పోయింది. అన్న మాత్రం అరుగు మీద కూర్చుని, చెల్లెలి పేరు నిలబెట్టినవాడిలా చూస్తున్నాడు.

ఆ రోజు పట్టుబట్టి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. కణానికి కాల్షియం ఎప్పుడూ కరువు కాదని చెప్పాను. కణం చుట్టూ ఉండే ద్రవంలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, కణం లోపల మాత్రం దానిలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఉండనివ్వదు కూడా. అవసరానికి చిటికెడు లోపలికి రానిచ్చి, పని కాగానే బయటికి తోసేస్తుంది. తోసెయ్యలేకపోతే చస్తుంది. నువ్వు ఎన్ని గోలీలు మింగినా నెత్తురులో కాల్షియం ఎంతుండాలో ఒళ్లు తనే చూసుకుంటుంది, మిగతాది బయటికి పంపిస్తుంది, కాదని ఇంకా మింగితే కిడ్నీల్లో రాళ్లవుతాయి. నీ దమ్ము సంగతి అసలే వేరు. గాలి గొట్టాల చుట్టూ కండరాలుంటాయి. వాటిలో కాల్షియం పెరిగినప్పుడే అవి బిగుసుకుంటాయి, గొట్టం ఇరుకైపోతుంది. పీల్చే మందు చేసే పని ఆ కండరాల్లో కాల్షియాన్ని తగ్గించి వాటిని వదులు చెయ్యడం. అందుకని ఆ డబ్బా పక్కన పెట్టి, ఈ కవరు విప్పు.

ఇంతకంటే స్పష్టంగా మా గైడుకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అన్న గూట్లోని కవరు వైపు చూశాడు.

"అంటే ఆ మందు కాల్షియంను తగ్గిస్తదంటవు."

ఔనన్నాను. ఆశ పుట్టింది.

"నేనేమో కాల్షియం వేస్తున్న. ఒక దిక్కు వేసుకుంట, ఒక దిక్కు తీసుకుంట పోతే ఫాయిద ఏమున్నది? అందుకే నేను దాన్ని ముడ్తలేను."

వాదన మొత్తం నాదే, ఒక్క ముక్క కూడా తప్పుగా పట్టుకోలేదు, తిప్పి నా నెత్తినే కొట్టాడు. తల పట్టుకుని కూర్చున్నాను. గోడకు చెప్పుకుంటే గోడ కనీసం ఎదురు చెప్పదు. వదిన చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, తనకూ ఇది రోజూ ఉన్నదేనన్నట్టు మళ్లీ పనిలో పడింది.

హైదరాబాదుకు తిరిగొచ్చాక అక్కడ కణాలతో తగువు. కాల్షియం లేని ద్రవంలో పెట్టి, పలచటి నీళ్లు పోసి చూస్తున్నాను. ఉబ్బినవి ఉబ్బినట్టే ఉండాలి. కొన్నిసార్లు ఉండేవి. కొన్నిసార్లు ఏమీ పట్టనట్టు మామూలు సైజుకు వచ్చేసేవి. ఎక్కడి నుంచి తెచ్చుకున్నాయి కాల్షియం? లోపల దాచుకున్నదా, నేను సరిగ్గా కడగక మిగిలిందా? ఆమ్లాన్ని బట్టి వెలుగు మారే రంగు ఒకటి కణాల్లోకి ఎక్కించి చూసేవాళ్లం. ఆ వెలుగు స్థిరంగా వస్తోందని సంబరపడేలోపే కరెంటు పోయేది. మొదట్నుంచీ మళ్లీ మొదలు. అన్న గురించి మా గైడుకు చెబితే పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కణాలైనా నయం, నా మాట వినకపోయినా ఊరంతా తిరిగి నా పేరు మీద మందులు పంచలేదు అనుకున్నాను.

పీకుడు కాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం హాస్టలుకు ఫోన్ వచ్చిందని పిలిచారు. ఎస్టీడీ బూతు నుంచి వదిన. వదిన ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. పొద్దున చేలో కాయ కొడుతున్న చోట అన్న కూలబడిపోయాడని, ఊపిరి అందడం లేదని, పెదవులు నల్లబడ్డాయని, ఎవరిదో జీపులో వనపర్తి దవాఖానకు తెచ్చామని చెప్పింది. ఏడవలేదు. "నువ్వు వస్తవా?" అని మాత్రం అడిగింది. ఆ బస్సు ప్రయాణమంతా అన్నను తిడుతూనే ఉన్నాను. తిట్టడం ఆపితే భయం వేస్తోంది.

నేను వెళ్లేసరికి అన్న ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి ఉంది. దాంట్లోంచి మందు పొగలాగా వస్తోంది. గండం గడిచిందన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పీల్చే మందు ఎందుకు వాడలేదని అడిగాడు. కాల్షియం గోలీలు వాడుతున్నాడని చెప్పాను. దమ్ముకు కాల్షియం గోలీలేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇంతకూ నువ్వేం చేస్తుంటావమ్మా అని అడిగాడు. ఊపిరితిత్తుల కణాల్లో కాల్షియం మీద పరిశోధన చేస్తున్నానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

సాయంత్రానికి మాస్కు తీశారు. వదిన చాయ్ తేవడానికి బయటికి వెళ్లింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా అన్న మీద కుమ్మరించాను. చావబోయావు తెలుసా అన్నాను. నా చదువును పట్టుకుని నిన్ను నువ్వు చంపుకుంటే నేనా చదువు ఏ మొహం పెట్టుకుని చదవాలన్నాను. వేరుశనగ చెట్టుకున్నపాటి బుద్ధి లేదన్నాను. అన్న పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. నాకు రొప్పు వచ్చి ఆగాక మెల్లగా అన్నాడు.

"కాల్షియంతోని దమ్ము తగ్గదని నాకు తెల్వదా చెల్లె?"

నాకర్థం కాలేదు. మరి ఎందుకు మింగావన్నాను.

"గోలీ అయితే ఇంట్లనే ఇన్ని నీళ్లు తాగి మింగి పోవచ్చు. ఎవ్వలకు తెల్వదు. ఆ పంపు నోట్ల పెట్టుకున్ననంటే కూలోల్లు జూస్తరు. మాపటికల్ల సారు చెవుల పడతది. దమ్మోనికి భూమి ఎవ్వలిస్తరు? నీ చదువుల ఏదన్న మంచి గోలీ ఉంటదేమోనని అడిగిన. కాల్షియం అంటివి. అదే పనిచేస్తదేమోనని జూసిన. గంతే."

నాకు ఏడుపొచ్చింది. దసరా నాడు అరుగు మీద అంత బుద్ధిగా విన్నది నా పరిశోధన కాదు. ఎవరికీ కనపడకుండా మింగగలిగే గోలీ ఎక్కడైనా ఉందా అని నా మాటల్లో వెతుక్కున్నాడు. దొరక్కపోతే జిప్సం అని పేరు పెట్టి ఒకదాన్ని తనే తయారు చేసుకున్నాడు. ఆ జిప్సం కథ ఊరంతా చెప్పుకొచ్చింది కూడా అందుకేనేమో, తనకు పెద్ద జబ్బేమీ లేదు, కాస్త కాల్షియం తక్కువైందంతే అని అందరూ అనుకోవడానికి. జాలి వేసింది. జాలితో పాటు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ప్రాణం పోతే ఆ ఎనిమిదెకరాలు ఎవరు దున్నుతారని అడిగాను. ఉన్నన్నాళ్లు దున్నాలంటే ఎవరికీ తెలియకూడదు కదా అన్నాడు. అన్నీ తనకే తెలుసు. ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పొద్దునా సాయంత్రమూ వాడే ఇంకో ఇన్‌హేలర్ రాసిచ్చాడు డాక్టరు. దాన్ని లోపలి అర్రలో తలుపు గడియ వేసుకుని పీలుస్తానన్నాడు అన్న. పీల్చాడు కూడా. మనిషి కొంచెం తేరుకున్నాడు. చేలో కూలబడిన సంగతికి, దుమ్ము గొంతుకు అడ్డం పడిందని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. ఆపద వేళ వాడే పాతదాన్ని మాత్రం జేబులో పెట్టుకోనని మొండికేశాడు. అంగీ జేబులో అది ఎత్తుగా కనపడుతుందట. బతిమాలాను, తిట్టాను, మాట్లాడటం మానేశాను. ఏదీ పనిచెయ్యలేదు. వదిన దాన్ని కొంగున ముడేసుకుని చేనుకు వెళ్లడం మొదలుపెట్టింది.

ఉగాది దగ్గర పడింది. పండుగకు నేనూ వచ్చాను. నేనొచ్చిన మర్నాడే భూమి సారు వచ్చాడు. తెల్ల ధోవతి, చేతిలో గొడుగు, మాట మెత్తన. చెడ్డమనిషి కాడు. ఎండ ముదరకముందే గట్ల మీద నడక మొదలైంది. పక్కన అన్న. గాలి విపరీతంగా ఉంది. చేలో కుప్పగా ఉన్న వేరుశనగ తీగను వదినా, ఇద్దరు కూలివాళ్లూ మోపులు కట్టి వామి దగ్గరికి మోస్తున్నారు. మోపు ఎత్తినప్పుడల్లా దుమ్ము లేచి గట్టు మీదికి వస్తోంది. నేను బోరు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఈ ఒక్కరోజు పని ఆపితే ఏమని పొద్దున్నే అడిగితే, సారు వచ్చినప్పుడు చేను పని మీదుండాలి అన్నాడు అన్న. అది కూడా తన లెక్కే.

సగం దూరం బాగానే నడిచాడు. కుప్ప దాటేటప్పుడు వెనకబడ్డాడు. సారు ఏదో చెప్పుకుంటూ ముందుకు పోయి, జవాబు రాక వెనక్కి తిరిగి చూశాడు. అన్న గట్టు మీద వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఉన్నాడు. నేను పరుగెత్తాను. నన్ను చూసి అన్న చెయ్యి అడ్డంగా ఊపాడు, రావద్దని. ముఖం ఊదా రంగుకు తిరుగుతోంది, ఇంకా చెయ్యి ఊపుతున్నాడు.

నాకంటే ముందు వదిన చేరింది. సారు ఎదుట పడితే కొంగు నెత్తిన వేసుకుని పక్కకు తప్పుకునే మనిషి. ఆయన ముందు వదిన గొంతు నేనెప్పుడూ వినలేదు. మోపు కింద పడేసి, కొంగు ముడి విప్పుకుంటూ వచ్చి, ఇద్దరి మధ్యలో నిలబడి ఇన్‌హేలర్ అన్న ముందు పట్టింది. అన్న తల అడ్డంగా తిప్పాడు.

"భూమి మల్ల దొరుకుతది," అంది వదిన. గొంతు తగ్గించలేదు. "పీల్చు."

అన్న సారు వైపు చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు. తీసుకుని నోట్లో పెట్టుకుని నొక్కాడు. ఊపిరి బిగబట్టి, వదిలి, మళ్లీ నొక్కాడు. కూలివాళ్లు మోపులతో నిలబడిపోయి చూస్తున్నారు. లోపల ఆ కండరాల్లో కాల్షియం తగ్గుతోంది, ఒక్కొక్కటే వదులవుతున్నాయి. ఏళ్ల తరబడి చదివినదంతా అప్పుడు నాకు ఎదురుగా జరుగుతోంది. నాకు మాత్రం అన్న ఛాతీ లేచి పడటం తప్ప ఇంకేమీ కనపడలేదు.

సారు అన్నను గట్టు మీద కూర్చోమన్నాడు. ఎన్నేళ్ల నుంచి ఉందని అడిగాడు. అన్న నిజమే చెప్పాడు. ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదని, దుమ్ములోకి వెళ్లొద్దని, సారు మంచి మాటలే చెప్పాడు. మజ్జిగ తాగాడు. బోరు దగ్గర నిలబడి నీళ్లెట్లా ఉన్నాయని అడిగాడు. అనవలసిన ఆ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు.

పండుగ అయ్యాక సారు దగ్గర్నుంచి కబురొచ్చింది. బోరు కింది అయిదెకరాలు ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక రైతుకిచ్చాడు. నీళ్లందని పై మూడెకరాలు మాత్రం అన్నను చేసుకొమ్మన్నాడు. కష్టపడలేవు కదా, నీ మేలు కోరే ఇట్లా చేశాను అని కూడా కబురులో ఉంది. అన్న ఆ రోజు అన్నం తినలేదట.

వేసవిలో మళ్లీ వెళ్లినప్పుడు ఎట్లాంటి మనిషిని చూడవలసి వస్తుందోనని భయపడుతూ వెళ్లాను. అన్న అరుగు మీదే ఉన్నాడు. ఇన్‌హేలర్ అంగీ జేబులో, అందరికీ కనపడేటట్టే ఉంది. దాచి కాపాడుకోవలసింది ఇంకేమీ లేదు. నేను చెప్పులు కూడా విడవలేదు, మొదలుపెట్టాడు. నా కణాలు తన అయిదెకరాలు మింగాయన్నాడు. ఇంటి ఆడవాళ్లకు నోరిస్తే ఇట్లాగే ఉంటుందన్నాడు. సారు మెత్తగా గొంతు కోశాడన్నాడు. ఆత్మకూరు మనిషికి విత్తనం పొడవడం కూడా చేతకాదన్నాడు, చాళ్లు చూడు ఎంత వంకరో అన్నాడు. డాక్టరును తిట్టాడు, ట్రాన్స్‌ఫార్మరును తిట్టాడు, జిప్సంలో మట్టి కలిపేవాళ్లను తిట్టాడు. మధ్యమధ్యలో నా దగ్గరికి వచ్చి, ఇంతకూ నీ చదువు పాసయ్యేదెప్పుడు అన్నాడు. పొద్దు వాలింది, ఇంకా తిడుతూనే ఉన్నాడు.

నాకు ఓపిక నశించింది. నా దగ్గర జవాబులు లేకపోలేదు, ఒక్కొక్కదానికీ ఉన్నాయి. ప్రాణం ముఖ్యమా అయిదెకరాలు ముఖ్యమా అని అడుగుదామని నోరు తెరిచాను. పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తున్న వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"జర తిట్టనీ," అంది. "ఊపిరికి గూడ ఆగకుంట గింత సేపు మాట్లాడక ఎన్నేండ్లాయెనో."

నేను వదిన పక్కన కూర్చుని పల్లీలు ఒలవడం మొదలుపెట్టాను. అన్న అప్పటికే ఆత్మకూరు రైతును వదిలేసి మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.